పోస్టరులో మిగిలిన చెయ్యి

స్టేడియం గేటు మీద పోస్టరు వేశారు. అందులో అందరూ పిచ్చుక అని పిలిచే హాకీ అమ్మాయి నోరంతా తెరిచి అరుస్తోంది. గోలు కొట్టిన క్షణం అది. జట్టు జట్టంతా వచ్చి మీద పడ్డ క్షణం. పోస్టరు తయారుచేసినవాళ్ళు మిగతా అందర్నీ కత్తిరించి పారేశారు. ఒక్క చెయ్యి మాత్రం కత్తెరకి లొంగలేదు. అది పిచ్చుక భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. తీసేస్తే భుజం కూడా పోతుంది. అందుకని మణికట్టు దాకా ఉంచారు. ఆ చేతికి చిటికెన వేలు వంకర.

ఆ వేలు పెద్దక్కది.

జట్టులో అందరికంటే వయసులో పెద్దది కాబట్టి ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. శిబిరం జరుగుతున్నన్నాళ్ళూ పొద్దున్నే ఆ గేటు కిందనుంచే లోపలికి పోవాలి. తల ఎత్తకూడదనుకుంటుంది. ఎత్తుతుంది.

"ఆ చెయ్యి చూస్తే నాకు భయమేస్తుందమ్మా" అన్నాడు వాచ్‌మన్ గొళ్ళెం తీస్తూ. "మనిషి లేదు, మొండెం లేదు. దెయ్యం వెనకనుంచి వచ్చి పట్టుకున్నట్టుంది."

"దెయ్యానికి గేటు మీద చోటు దొరికిందంటే గొప్పేగా" అంది పెద్దక్క, కుడి చెయ్యి జేబులోకి దూర్చి.

లోపల టర్ఫ్ మీద నీళ్ళు కొట్టి ఉన్నాయి. అడుగేస్తే బూటు చుట్టూ చిమ్ముతున్నాయి. ఇవాళంతా పెనాల్టీ కార్నర్లే అంది మేడమ్. మేడమ్ అంటే కోచ్.

హాకీ చూడనివాళ్ళ కోసం ఒక మాట. పెనాల్టీ కార్నర్ ఇస్తే ఇటు గోలు గీత వెనక గోల్‌కీపరు, ఆమె పక్కన మరో నలుగురు నిలబడతారు. అటు అర్ధచంద్రంలాంటి గీత అంచున కొట్టే మనిషి కాచుకుని ఉంటుంది. పక్కనుంచి ఒకమ్మాయి బంతిని ఆమెకి తోస్తుంది. తోసిన మరుక్షణం గీత వెనకనుంచి ఒకామె ఆ కొట్టే మనిషి మీదకి ఉరకాలి. ఆమెని ఫస్ట్ రన్నర్ అంటారు. బంతి రాయి. రోడ్డు మీద లారీ కంటే జోరుగా వస్తుంది. దాన్నుంచి తప్పించుకోవడం కాదు, దానికి అడ్డం పోవడం ఆమె పని. ఆపితే, కొట్టిన మనిషి సరిగ్గా కొట్టలేదంటారు. ఆపలేకపోతే, ఈమె నిద్రపోయిందంటారు. గోలు కొట్టినవాళ్ళ పేర్లు పేపర్లో పడతాయి. ఆపినవాళ్ళకి పేపర్లో గడే లేదు. ఎవడు గీశాడో ఆ గడులు, వాడు ఎప్పుడూ గోలు గీత మీద నిలబడ్డవాడు కాడు.

పెద్దక్క ఫస్ట్ రన్నర్. పిచ్చుక కొట్టే మనిషి.

పెద్దక్క బంతి దెబ్బ తగలకుండా మొహానికి మాస్కు తగిలించుకుంది. హాకీ సంఘంవాళ్ళు ఇచ్చిన మాస్కే గానీ, పట్టీ తెగిపోతే ఎన్నిసార్లు అడిగినా పలకలేదు. చివరికి చెప్పులు కుట్టే ఆయన దగ్గర తోలు పట్టీ వేయించుకుంది. ఒక కాలు వెనక్కి పెట్టి, ఒళ్ళు ముందుకి వంచి, పిచ్చుక ఎడమ బూటు వంక చూసింది.

కిటుకంతా అక్కడే ఉంది. బంతిని పెద్దక్కకి ఎడమ పక్కగా పంపబోతుంటే, పరుగెత్తే ముందు పిచ్చుక ఎడమ బూటు మొనతో నేలని టకటకమని తడుతుంది. కుడి పక్కగా అయితే తట్టదు. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి ఆ సంగతి ఎలా తెలియదో, పిచ్చుకకీ తెలియదు. మేడమ్‌కి తెలియదు. గోల్‌కీపరుకి తెలియదు. రోజూ ఆ పిల్లకి ఎదురుగా పరుగెత్తే మనిషికే తెలుసు. పెద్దక్క కనిపెట్టిన రోజునే చెప్పేద్దామనుకుంది. మాట నోటిదాకా వచ్చింది కూడా. సరిగ్గా ఆ పొద్దునే గేటుకి నిచ్చెన వేసి పోస్టరు ఎక్కిస్తున్నారు. మాట లోపలికి పోయింది. ఇంతవరకు బయటికి రాలేదు.

టకటక. బంతి కదిలింది. పెద్దక్క ఎడమకి ఉరికింది. బంతి వచ్చి ఆమె కర్రకి తగిలి పక్కకి పోయింది.

ఈసారి తట్టలేదు. కుడికి. ఠప్పుమని మోకాలి ప్యాడు మీద.

టకటక. ఎడమకి. మళ్ళీ కర్ర మీద.

"పిచ్చుకా, లేచావా ఇంకా పడుకునే ఉన్నావా?" మేడమ్ గొంతు టర్ఫ్ చివరిదాకా వినబడింది. "మోకాలికి పట్టీ కట్టుకుని కుంటే మనిషి నీ బంతుల్ని పట్టుకుంటోంది. సిగ్గనిపించడం లేదూ?"

పెద్దక్క మాస్కు లోపల నవ్వుకుంది. తర్వాత నవ్వు చప్పబడింది. ఆ తిట్టు కూడా పిచ్చుకకే. తన వాటాకి వచ్చింది కుంటే మనిషి అన్న మాట.

గోల్‌కీపరుని గోడ అంటారు. గోడ తన లావుపాటి ప్యాడ్లు ఈడ్చుకుంటూ పక్కకి వచ్చింది. "పెద్దక్కా, రోజూ ఇలాగే ఆపితే నాకిక్కడ పనేముంది? ఒక కుర్చీ వేయించు, కూచుంటా."

ప్రాక్టీసు అయ్యాక మేడమ్ అందర్నీ కూచోబెట్టి చెప్పింది. ఆదివారం ట్రయల్. సెలెక్షన్ కమిటీ పెద్దలు వస్తారు. విదేశీ టూరుకి ఫస్ట్ రన్నర్ ఒక్కరే. పెద్దక్కో, కుందేలో. కుందేలంటే కిందటేడు వచ్చిన అమ్మాయి. పరుగెత్తితే దాని జడ కూడా దానికి అందదు. ఆ మాట విని కుందేలు బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. పెద్దక్క మోకాలి పట్టీ విప్పలేదు.

హాస్టల్లో పెద్దక్కా పిచ్చుకా ఒకే గదిలో ఉంటారు. రెండు మంచాలు, మధ్యన ఒక కిటికీ. పెద్దక్క మంచం కింద ఒక సంచీ. పిచ్చుక మంచం కింద బూట్ల కంపెనీవాళ్ళు పంపిన పెట్టెలు, పట్టక బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

పిచ్చుక నేల మీద చతికిలబడి కర్ర పిడికి కొత్త పట్టీ చుడుతోంది. పంటితో ఒక కొస పట్టుకుని, బిగించి, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం పడేలా. చుడుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. అందరి ముందూ అన్ని తిట్లు తిన్న పిల్ల ఇంత హాయిగా రాగాలు తీయడం పెద్దక్కకి వింతగా తోచింది. గోలు పడితే పెద్దక్క అన్నం మానేసే రకం. ఈ పిల్లకి చీమ కుట్టినట్టయినా లేదు. పేరొచ్చినవాళ్ళకి తిట్లు కూడా పూలలా తగులుతాయి కాబోలు అనుకుంది, కుళ్ళుకుంటూ.

"అక్కా, ఈ జత వేసుకో. నీ కొలతే" అంది పిచ్చుక, ఒక పెట్టె ముందుకి తోసి.

"నీకు ఎక్కువయ్యాయనేగా ఇస్తున్నది."

"ఎక్కువై ఇస్తున్నా. నాకున్నవి రెండు కాళ్ళేగా."

"నా బూట్లు బాగానే ఉన్నాయి."

"ఎడమ దాని అడుగు నోరు తెరిచిందక్కా. నిన్న నీళ్ళు తాగుతుంటే చూశా."

 ఆ జత తీసుకుంటే తీసుకున్నన్నాళ్ళూ కాళ్ళకి ఎవరివో తెలుస్తూనే ఉంటుంది. పెద్దక్క పెట్టెని కాలితోనే మంచం కిందకి, అవతలి మంచం కిందకి, జరిపింది.

ఫోను మోగింది. అమ్మ.

"కిందటి మ్యాచ్ టీవీలో మళ్ళీ వేశారే. ఇంటిల్లిపాదీ కూచుని చూశాం. నువ్వు కనబళ్ళేదు."

"గోలు ముందే ఉన్నానమ్మా."

"అక్కడ నలుగురూ ముసుగులేసుకుని దొంగల్లా ఉన్నారు. ఏ దొంగ నా కూతురో ఎలా తెలుస్తుంది? మీ వదిన ఇదే నువ్వంది, మీ అన్నయ్య కాదన్నాడు. తేలేలోపు అటు తిప్పేశారు. ఆ పిచ్చుక పిల్లని మాత్రం ముందునుంచీ వెనకనుంచీ చూపించారు. బాగా చిక్కిపోయినట్టుంది, తింటోందా?"

"తింటోంది" అంది పెద్దక్క పళ్ళు బిగించి. "ఇస్తాను, నువ్వే అడుగు." ఫోను పిచ్చుకకి ఇచ్చేసింది. అవతలనుంచి అమ్మ గొంతు ఎంత ముద్దుగా మారిందో గదంతా వినబడింది.

పెద్దక్క కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. బస్సు డిపోలో ఆమెకి టికెట్ల కౌంటరులో ఉద్యోగం. ఆట ఉన్నన్నాళ్ళూ సెలవు. టూరుకి తీసుకోకపోతే సోమవారంనుంచి కౌంటరులో కూచోవాలని డిపో మేనేజరు ముందే చెప్పాడు. ఆ కౌంటరుకి అద్దం, అద్దం మీద తరతరాల మురికి, కింద అరచెయ్యి పట్టేంత కంత. బయటివాళ్ళకి కనబడేది ఒక చెయ్యి. చిల్లర తీసుకునే చెయ్యి, టికెట్టు తోసే చెయ్యి. ఆ చేతికి మొహం ఉంటుందని ఎవరికీ తోచదు. ఈ ఒక్క టూరు కావాలి. తర్వాత ఏమైనా ఫరవాలేదు. ఈ ఒక్కటి.

వెనక పిచ్చుక అమ్మతో నవ్వుతోంది.

*

మర్నాడు ఒక బంతి నేల మీద పడి ఎగిరి పెద్దక్క తొడకి తగిలింది. ప్యాడు పైన, లాగు కింద, సరిగ్గా ఏ అడ్డూ లేనిచోట. ఫిజియో ఆమెని బల్ల మీద పడుకోబెట్టి మంచు సంచీ అదిమింది.

"కదలకు. ఇవాళ్టికి చాలు."

"కాసేపాగి వెళ్తాను."

"వెళ్ళావంటే ఈ సంచీ నెత్తిన పెడతా."

పెద్దక్క స్థానంలో కుందేలు నిలబడింది. పెద్దక్క మోచేతి మీద లేచి చూసింది. నిజానికి ఆశగానే చూసింది. కుందేలుకి బూటు సంగతి తెలియదు. తెలియక ఎటో ఉరుకుతుంది. ఎంత జోరున్నా తెలియనితనం తెలియనితనమే.

పిచ్చుక బూటు మొన తట్టింది. టకటక. బంతి కుడికి పోయింది.

పెద్దక్క కళ్ళు చికిలించింది. పొరపాటయి ఉంటుంది.

తట్టలేదు. ఎడమకి పోయింది. మళ్ళీ తట్టలేదు. ఈసారి కుడికి. తట్టింది. ఎడమకి. తట్టింది. మళ్ళీ కుడికి. గోలు వెనక చెక్క పలక మోగుతూనే ఉంది. గోడ కాలు చాపేలోపే బంతి పలకకి తగిలి వెనక్కి దొర్లుతోంది.

"ఇదీ ఆటంటే" అంది మేడమ్ చప్పట్లు కొడుతూ. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా దీన్ని?"

బూటుకీ బంతికీ సంబంధమే లేదు. ఉన్నది తనతోనే. తను ఎదురుగా ఉన్నప్పుడే ఆ బూటు నిజం చెబుతోంది.

మంచు చలి తొడనుంచి వెన్నులోకి పాకింది. పెద్దక్క సంచీ తోసేసింది. తను ఆపిన బంతులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కర్ర మీద పడ్డవీ, ప్యాడు మీద పడ్డవీ. ఒక్కటీ తనది కాదు. అన్నీ చేతిలో పెట్టినవే, ఆ బూట్ల పెట్టెలాగే.

"నొప్పిగా ఉందా?" అంది ఫిజియో.

"లేదు" అంది పెద్దక్క. మొహం చూసి ఫిజియో నమ్మలేదు.

మధ్యాహ్నం హాస్టల్ డాబా మీద పిచ్చుక మేజోళ్ళు ఆరేస్తోంది. తనవీ, పెద్దక్కవీ కలిపి ఉతికింది. పెద్దక్క మెట్లెక్కి వచ్చి, తీగ మీదనుంచి తన జత లాగి చేతికి చుట్టుకుంది.

"ఎప్పట్నుంచి?" అంది.

పిచ్చుక ఏం తెలియనట్టు మొహం పెట్టబోయి మానేసింది. "పోస్టరుకెక్కిన ఆ ఫైనల్ మ్యాచ్ వీడియోలో చూసుకున్నానక్కా. నా కాలు అలా కొట్టుకుంటోందని. సిగ్గేసి మానేశా. తర్వాత ప్రాక్టీసులో నువ్వు నా మొహం చూడకుండా బూటు చూడ్డం గమనించా. అప్పుడు మళ్ళీ మొదలుపెట్టా."

"నా కోసం."

"నీ ముందే."

"ముష్టి వేశావన్నమాట."

"ముష్టి అనకక్కా."

"మరేమంటారు దాన్ని? నీకు మిగిలిన బూట్లు, నువ్వు వదిలేసిన బంతులు. ఇంకా ఏముంటే అవి కూడా తెచ్చి నా మంచం కింద పెట్టు. మా అమ్మని ఎలాగూ తీసుకున్నావు."

పిచ్చుక మొహం ఎర్రబడింది. ఆ పిల్లకి కోపం రావడం పెద్దక్క మొదటిసారి చూసింది. "నీ మోకాలు ఆలస్యంగా లేస్తోందక్కా. ఎటు పోవాలో ముందే తెలిస్తే ఆ ఆలస్యం కనబడదు. నేను దాచింది అదే. కుందేలు జోరుగా వస్తుంది, నిజమే. కానీ బంతి వస్తుంటే మొహం తిప్పేసుకుంటుంది. నువ్వు తిప్పవు. ఆ సంగతి మ్యాచ్‌లో తెలుస్తుంది, ట్రయల్‌లో తెలియదు. గుడారం కింద కూచునే కమిటీ పెద్దలకి బంతి లోపల పడిందా లేదా అన్నదే కనిపిస్తుంది. ఆ ఫైనల్ రోజున నువ్వు ఆపిన బంతే కదా అటు పోయి నాకు గోలయింది? నీ వేలు విరిగింది అప్పుడే కదా? ఆ విరిగిన చేత్తోనే నన్ను పట్టుకున్నావు. నాకు తెలీదా?"

"తెలిసి ఎవరికి చెప్పావు?"

పిచ్చుక తీగ మీది మేజోడు సర్దింది. పోస్టరు వాళ్ళకీ చెప్పలేదు, పేపరు వాళ్ళకీ చెప్పలేదు. మైకు నోటిముందు పెట్టినప్పుడు దేవుడికి, కోచ్‌కి, అమ్మానాన్నలకి దండాలు పెట్టి ఊరుకుంది.

"ఆదివారం నిజంగా ఆడు" అంది పెద్దక్క. "నాకు దారి చూపించకు. ఎవరో అవతలి జట్టు మనిషి అనుకుని ఆడు."

"అలా ఆడితే నువ్వు పోతావక్కా."

"పోతే నా కాళ్ళతో పోతాను."

మేజోళ్ళ తడి మణికట్టునుంచి మోచేతికి కారుతోంది. పెద్దక్క మెట్లు దిగిపోయింది. కుడి మోకాలు ప్రతి మెట్టు దగ్గరా ఒక్క క్షణం ఆలోచించుకుంటోంది. ఆ పిల్ల పైనుంచి చూస్తోందని తెలిసి, రెయిలింగ్ పట్టుకోకుండా దిగింది.

*

ఆదివారం గుడారం వేశారు. అందులో కమిటీ పెద్దలు, వాళ్ళ ముందు టీ కప్పులు, ఒకాయన ఒళ్ళో మనవడు. ఎండలో ఆడపిల్లలు. పెద్దాయన ఒకడు పెద్దక్కని చూసి "ఈమె ఫిజియోనా?" అని పక్కవాణ్ణి అడిగాడు. దేశం తరఫున ఇన్నేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్న మనిషిని పట్టుకుని అన్నాడా మాట. పక్కవాడు నవ్వాడు, సరిదిద్దలేదు.

ముందు కుందేలు వంతు. బాణంలా ఉరికింది. బంతి వచ్చే క్షణంలో తల గిర్రున పక్కకి తిప్పేసింది, కళ్ళు కూడా మూసుకునే ఉంటుంది. బంతి వీపుకి తగిలి పక్కకి పోయింది. గుడారంలో చప్పట్లు. ఇంకోటి కర్రకి తగిలి ఆగింది. మళ్ళీ చప్పట్లు.

తర్వాత పెద్దక్క. తోలు పట్టీ బిగించుకుంది. బూటు వంక చూడకూడదని ఒట్టు పెట్టుకుని, బంతి తోసే అమ్మాయి చేతులవంకే చూసింది. ఉరికింది. మోకాలు ఆలోచించుకుంది. బంతి చెవి పక్కనుంచి ఈల వేసుకుంటూ పోయింది. వెనక పలక ఠక్కుమంది.

మళ్ళీ. ఈసారి కుడికి ఊహించింది, సరిగ్గానే ఊహించింది. చెయ్యి చాచింది. బంతి గ్లౌజు కొసని రాసుకుని పోయి పలకకి కొట్టుకుంది. కళ్ళు మూయలేదు. తల తిప్పలేదు. బంతి వచ్చిన దారంతా చూసింది. ఆ సంగతి చూసినవాళ్ళు ఇద్దరే, కొట్టిన పిల్లా, వెనకున్న గోడా. గుడారంలో ఎవరో బిస్కెట్టు పొట్లం చింపారు.

"ఇదొక్కటే ఉంది" అంది మేడమ్. గొంతు ఎప్పటిలా లేదు. పెద్దక్క విలువ మేడమ్‌కి తెలుసు. తెలిసినా గుడారంలో మేడమ్‌కి కుర్చీ లేదు.

పెద్దక్క గీత వెనకకి వచ్చి వంగింది. ఒట్టు పెట్టుకుంది గానీ కళ్ళు ఒట్టు వినవు. పోయి బూటు మీద వాలాయి.

టకటక.

ఒళ్ళు భగ్గుమంది. వద్దంటే మళ్ళీ వేస్తోంది ముష్టి. ఇంతమంది ముందు. పళ్ళు కొరుక్కుంది. ఆ పిల్ల పీక పిసకాలనిపించింది. డిపో కౌంటరు, దాని అద్దం, దాని కంత కళ్ళ ముందు మెరిశాయి. బంతి కదిలింది.

కాళ్ళు ఎడమకి ఉరికాయి.

బంతి కుడికి పోయింది. గోడ కూడా పెద్దక్కని నమ్మి ఎడమకే ఒరిగింది. కుడి పక్కన గోలంతా ఖాళీ. పలక ఇంతకు ముందెప్పుడూ అంత గట్టిగా మోగలేదు.

పెద్దక్క ఉరికిన చోటే ఆగిపోయింది. ఊపిరి మాస్కు అద్దం మీద పొగలా పట్టింది. వద్దన్న ముష్టి కోసం తనే చెయ్యి చాచింది. చాచడం ఆ పిల్ల చూసింది.

మాస్కు తీసి, అర్ధచంద్రం అంచుదాకా నడిచింది. పిచ్చుక కర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది. 

"తట్టావు" అంది పెద్దక్క.

"తట్టాను."

"అబద్ధం తట్టావు."

"అవతలి జట్టు మనిషి అనుకోమన్నావుగా అక్కా. వాళ్ళకైతే అలాగే తడతా."

ఇద్దరి మధ్యా టర్ఫ్ మీద నీళ్ళు మెరుస్తున్నాయి. పెద్దక్కకి చెంప మీద కొట్టినట్టుంది. అయినా అందులో ఒకటి తేలింది. ఇన్నాళ్ళకి ఈ పిల్ల తనని మోయలేదు. ఎదురుగా నిలబెట్టి ఓడించింది. కుళ్ళు కుళ్ళులాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. తన మీద ఆ పిల్లకున్న జాలి మాత్రం పోయింది.

"తొందరపడి తట్టావు" అంది చివరికి. "నేను కాబట్టి పడ్డాను. తోసే అమ్మాయి వంగాక తట్టు. అప్పుడైతే అవతలివాళ్ళకి ఆలోచించుకునే సందు ఉండదు."

పిచ్చుక తలూపింది. పోస్టరు ఎక్కిన రోజునుంచీ నోట్లో నానిన బూటు మాట అంతే. చెప్పడానికి ఎంతసేపూ పట్టలేదు.

సాయంత్రం మేడమ్ పేర్లు చదివింది. కుందేలు. పెద్దక్క గదికి పోయి సంచీ సర్దుకుంది. కుందేలు గుమ్మం దగ్గర తచ్చాడింది. "అక్కా, నీ మాస్కు... అందరి పట్టీలూ జారిపోతున్నాయి. నీదొక్కటే నిలుస్తోంది."

ఇవ్వకూడదనుకుంది పెద్దక్క. తోలు తనది, కుట్టుకూలి తనది. సంచీ లోపల పెట్టి జిప్పు కూడా లాగింది. మళ్ళీ జిప్పు తీసి దాని మీదకి విసిరింది. "తల తిప్పావంటే చెవి పోతుంది. తిప్పడానికి కాదు ముందు అద్దం పెట్టింది."

పిచ్చుక గదిలో లేదు. మంచం మీద పెద్దక్క మేజోళ్ళు మడతపెట్టి ఉన్నాయి. బూట్ల పెట్టె లేదు. తను అడగంది పెట్టి పోలేదు ఆ పిల్ల. అది నచ్చింది పెద్దక్కకి.

గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీదనుంచి లేచాడు. "వెళ్ళిపోతున్నారా అమ్మా?"

పెద్దక్క సంచీ కింద పెట్టి తల ఎత్తింది. పిచ్చుక అరుస్తూనే ఉంది. పోస్టరు చూస్తే కడుపు ఇంకా మండుతోంది. జేబులోంచి కుడి చెయ్యి తీసి, పైకెత్తి, వంకర వేలు కనబడేలా పోస్టరుకి ఎదురుగా పట్టింది.

వాచ్‌మన్ పైకి చూశాడు. ఆమె చేతికేసి చూశాడు. మళ్ళీ పైకి చూశాడు.

"అయితే ఆ దెయ్యం మీరేనా?" అన్నాడు మెల్లగా. "మిగతా మనిషేది మరి?"

"రేపట్నుంచి బస్సు డిపోలో, టికెట్ల కౌంటరు దగ్గర" అంది పెద్దక్క, సంచీ భుజానికెత్తుకుంటూ. "అక్కడా ముందు చెయ్యే కనిపిస్తుంది. వంగి చూడు."